నాణెము మేలా? ముక్క మేలా?

(ఒక చీట్లపేక ఆటలోని లెక్కయు, దానినుండి మనము గ్రహింపదగినదియు)

గడచిన వేసవి సెలవులకు ముందు మేము మా పాఠశాలలో పై తరగతుల పిల్లలచేత నొక చీట్లపేక ఆట ఆడించితిమి. అట్టలను ముక్కలుగా కత్తిరించి, వానిపై తెలుగున పేర్లు వ్రాసి, ఇద్దరిద్దరుగా కూర్చుండి పిల్లలు ఆడుచుండిరి. మనుమరాలిని ఇంటికి తోడ్కొని పోవుటకు వచ్చిన యొక పెద్దమ్మగారు గుమ్మములో నిలిచి చూచి, “ఏమండీ పంతులుగారూ! ఇంట్లో మగవాళ్ల పేకాట మాన్పించలేక మేము చస్తూ ఉంటే, బడిలో మీరే పిల్లలకు నేర్పుతున్నారా?” అని యడిగిరి.

ఆమె యడిగినది న్యాయమైన ప్రశ్న. పేకాట వలన చితికిన కుటుంబములు ఏ ఊరనైనను కలవు. కావున ఆ ప్రశ్నకు గుమ్మములో నిలిచి చెప్పిన రెండు మాటలు చాలవని తలచి, తల్లిదండ్రులందరికిని తెలియునట్లు ఈ వ్యాసమున సమాధానము వ్రాయుచున్నాము. మేమాడించిన ఆటలో పందెము లేదు. డబ్బు చేతులు మారదు. ఉన్నదంతయు లెక్క. ఆ లెక్క యెట్టిదో చూపి, దానిని ఇంటిలో పిల్లలతో ఎట్లు చేయవచ్చునో చెప్పుట మా యుద్దేశము.

చెడుగు పందెమునందున్నది గాని ముక్కయందు లేదు. మన తెలుగువారు తరతరములుగా స్థిరపడిన ప్రాంతములలోనే గుండ్రని ముక్కలపై చక్కని బొమ్మలు చిత్రించి ఆడు ఆటలు వెలసినవి. ఒడిశాలోని గంజప, మహారాష్ట్రములోని సావంత్‌వాడీ గంజీఫా, కర్ణాటకమున మైసూరు గంజీఫా ఇట్టివి. దశావతారముల గంజీఫా కట్టలో పది యవతారములకు పది రంగులు, రంగునకు 12 చొప్పున 120 ముక్కలు ఉండును. జ్ఞాపకశక్తికిని లెక్కకును ఆ యాటలు పదును పెట్టినవి. మేము చెప్పబోవునది క్రొత్త యాట. కాని ప్రయోజన మట్టిదే.

ఆట స్వరూపము

ఈ యాటకు డొమినియన్ అని పేరు. దీనిని కల్పించినవాడు అమెరికా దేశస్థుడైన డోనాల్డ్ ఎక్స్. వకారినో. 2008లో ఇది మొదట అచ్చయినది. 2009లో జర్మనీ దేశమున ఏటేట ఉత్తమమైన ఆటకిచ్చు ‘స్పీల్ డెస్ యారెస్’ బహుమానమును పొందినది. సామాన్యమైన పేకాటలో కట్ట యొక్కటియే; అందరికిని దానినుండియే పంచుదురు. ఇందులో నట్లు గాదు. ప్రతి యాటగానికిని తన కట్ట తనకు వేరుగ నుండును. ఆట సాగుచుండగా క్రొత్త ముక్కలను కొని తన కట్టను తానే నిర్మించుకొనవలయును. ఇట్టి నిర్మాణమే ముఖ్యముగా గల ఆటలు తరువాత ననేకము వచ్చినవి. వానికన్నిటికిని ఇది త్రోవ చూపినది.

ముక్కలు మూడు విధములు. మొదటివి నాణెపు ముక్కలు: రాగి 1 నాణెము విలువ, వెండి 2, బంగారము 3. వెండిని కొనుటకు 3 నాణెములు, బంగారమునకు 6 కావలయును. రాగి ఊరకనే దొరకును. రెండవవి గెలుపు ముక్కలు. ఆట ముగిసినపుడు లెక్కకు వచ్చునవి ఇవియే. మేము వీనికి మాన్యము, సీమ, మండలము అని పేర్లు పెట్టితిమి. మాన్యము వెల 2, దానికి 1 గుర్తు. సీమ వెల 5, దానికి 3 గుర్తులు. మండలము వెల 8, దానికి 6 గుర్తులు. మూడవవి పని ముక్కలు. వీనిలో ననేక రకములు కలవు. తొలి ముద్రణలో ఎన్నుకొనదగిన ముక్కలు 25 రకములుండగా, ఒక్కొక యాటకు 10 రకములను మాత్రమే యెన్నుకొందురు. 25 నుండి 10 ఎన్నుకొను విధములు 32,68,760 అని పై తరగతి పిల్లలు లెక్కించి చూచుకొనవచ్చును. ఒక యాటవలె మరియొక యాట యుండకపోవుటకు కారణమిదియే.

మొదట ప్రతివానికిని 10 ముక్కలిత్తురు: 7 రాగి, 3 మాన్యములు. వానిని కలిపి, పైనుండి 5 ముక్కలను చేతిలోనికి తీసికొనవలయును. ఒక వంతులో ఒక పని ముక్కను వేయవచ్చును. తరువాత చేతిలోని నాణెములతో ఒక ముక్కను కొనవచ్చును. కొన్న ముక్కయు, వాడినవియు, వాడనివియు అన్నియు తన ప్రక్క దొంతిలో పడును. మరల 5 ముక్కలను తీసికొనవలయును. తీయుటకు ముక్కలు లేనపుడు ప్రక్క దొంతిని కలిపి మరల కట్టగా పెట్టుకొనవలయును. అట్లు తాను కొన్నది కొంత కాలమునకు తన చేతికే వచ్చును. మండలములన్నియు అమ్ముడుపోయినను, ఏవైన మూడు రకముల ముక్కలు నిశ్శేషమైనను ఆట ముగియును.

ఇందులో ఒక చమత్కారము కలదు. గెలుపు ముక్క చేతిలోనికి వచ్చినపుడు దేనికిని పనికిరాదు. గెలిపించునది అదియే, దారిలో బరువగునదియు అదియే. ఈ చిక్కువలననే ఆట కింత రుచి.

మిగిలిన నాణెములు మరుసటి వంతునకు నిలువవు. వంతు ముగియగానే అవి పోయినట్లే. దీనిని గుర్తుంచుకొనవలయును.

ప్రశ్న

పని ముక్కలు చేయు ఉపకారములలో రెండు ప్రధానమైనవి. కొన్ని నేరుగ నాణెముల నిచ్చును. కొన్ని కట్టనుండి మరికొన్ని ముక్కలను తీసికొననిచ్చును. ‘కమ్మరి కొలిమి’ అను ముక్కను వేసినచో 3 ముక్కలు తీసికొనవచ్చును. దాని వెల 4. వెండి ముక్క 2 నాణెముల నిచ్చును. దాని వెల 3. ఈ రెంటిలో ఏది మేలు?

పిల్లలను అడిగితిమి. కొందరు “మూడు రెండుకంటె పెద్దది గనుక కొలిమియే మేలు” అనిరి. కొందరు “ముక్కలు తీసినచో మాన్యములే రావచ్చును, నాణెము చేతిలో నున్నట్లే గదా” అనిరి. ఇరువురి మాటలోను నిజము కలదు. కాని రెండును సగమే. ముక్కలను నాణెములతో పోల్చుటకు ఒక తూకపురాయి కావలయును. ఆ తూకపురాయి సరాసరి.

సరాసరి లెక్క

మొదటి కట్టలో 10 ముక్కలు. వానిలో నాణెముల విలువ 7. కావున ముక్కకు సరాసరి 7/10, అనగా 0.7 నాణెము. 5 ముక్కల చేతికి సరాసరి 3.5 నాణెములు. నిజమునకు సగము నాణె ముండదు గదా! మొదటి రెండు వంతులలోను 3, 4 నాణెములు గాని, 2, 5 నాణెములు గాని వచ్చును. 10 ముక్కలనుండి 5 తీయు విధములు 252. వానిలో 210 విధములందు 3, 4 వచ్చును. 42 విధములందు 2, 5 వచ్చును. అనగా 6 ఆటలలో 5 ఆటలు 3, 4తో ప్రారంభమగును. 3 నాణెములు వచ్చినపుడు వెండిని, 4 వచ్చినపుడు కొలిమిని కొనుట ఎక్కువమంది మొదట చేయు పని.

ఇపుడు పోల్చుదము. చేతిలోని 5 ముక్కలలో నొకటి వెండి యనుకొందము. మిగిలిన నాలుగింటి విలువ 4 × 0.7 = 2.8. వెండితో కలిపి 4.8. వెండికి బదులు కొలిమి యున్నదనుకొందము. దానిని వేసి 3 ముక్కలు తీసితిమి. నాలుగును మూడును ఏడు ముక్కలు. 7 × 0.7 = 4.9.

చూడుడు! 4.8, 4.9. ఆట ప్రారంభమున రెండును ఇంచుమించు సమానము. మూడు రెండుకంటె పెద్దదన్నవారిదియు, నాణెము నమ్మకమన్నవారిదియు మాట చెల్లలేదు.

సమానమగు చోటు ఎక్కడ? తీసిన 3 ముక్కల విలువ 2 నాణెములతో సరిపోవలయును. అట్లగుటకు ముక్కకు సరాసరి 2/3 ఉండవలయును. సరాసరి 2/3కంటె తక్కువైనచో వెండి మేలు. ఎక్కువైనచో కొలిమి మేలు. బంగారముతో పోల్చినచో 3 ముక్కలు 3 నాణెములకు సరిపోవలయును గనుక సరాసరి 1 ఉండవలయును.

నియమ మిది: నాణెపు ముక్క విలువ మారదు, ముక్కలు తీయు ముక్క విలువ కట్టను బట్టి మారును. వెండి ఎవని కట్టలోనైనను రెండే. కొలిమి పేదవాని కట్టలో పేదది, కలవాని కట్టలో కలది.

కట్ట పెరిగినపుడు

ఆట కొంత సాగి ఒకని కట్టలో 7 రాగి, 3 మాన్యములు, 3 వెండి, 2 బంగారములు చేరినవనుకొందము. ముక్కలు 15. విలువ 7 + 6 + 6 = 19. సరాసరి 19/15, సుమారు 1.27. దీనికి మరియొక ముక్కను చేర్చి, అది చేతికి వచ్చినపుడు ఏమగునో చూతము.

వెండి చేర్చినచో: నాలుగు ముక్కలకు 5.07, వెండికి 2, మొత్తము 7.07.
బంగారము చేర్చినచో: 5.07, బంగారమునకు 3, మొత్తము 8.07.
కొలిమి చేర్చినచో: ఏడు ముక్కలకు 8.87.

మండలము వెల 8 అని చెప్పియుంటిమి. వెండి మనలను గుమ్మము వరకు తీసికొనిపోయి నిలిచిపోయినది. బంగారము గుమ్మమును దాటించినది. 6 నాణెముల బంగారముకంటె 4 నాణెముల కొలిమి ఎక్కువ చేసినది. ప్రారంభమున వెండితో సమానమైన ముక్క ఇపుడు బంగారమును మించినది. కొలిమి మారలేదు, కట్ట మారినది.

ఇపుడు కథ తిరుగును. గెలుపునకై అతడు 4 మండలములను కొనెను. ముక్కలు 19, విలువ 19, సరాసరి 1. కొలిమి 7 ఇచ్చును; బంగారము 4 + 3 = 7 ఇచ్చును. రెండును సమానము. మరి 3 సీమలను కొన్నచో ముక్కలు 22, సరాసరి సుమారు 0.86. కొలిమి 6.05, బంగారము 6.45. ఇపుడు బంగారము మేలు. చివరి వంతులలో కట్ట నిండ గెలుపు ముక్కలుండగా ముక్కలు తీయుట అలసటయే గాని ఫలము తగ్గును. కావున మొదట సమానముగను, నడుమ ముక్కల వైపునకును, చివర నాణెముల వైపునకును తూకము వంగును.

మరియొక సూక్ష్మము. నాణెము తానున్న చేతికే గాక కట్టయంతటికిని మేలు చేయును. మొదటి పది ముక్కలకు వెండిని చేర్చినచో సరాసరి 9/11, సుమారు 0.82 అగును. కొలిమిని చేర్చినచో, దానికి సొంత నాణెము లేదు గనుక, 7/11, సుమారు 0.64కు దిగును. ఒక కొలిమి మరియొక కొలిమిని తీసిన యెడల లాభము లేదు. వెండిని తీసినచో లాభము కలదు. కొలిమి బ్రదుకు నాణెముపై నాధారపడియున్నది. నాణెము బ్రదుకు కొలిమిపై నాధారపడి యుండలేదు.

రెండు కొలుములు

ఒక కొలిమి మంచిదైనచో నాలుగు కొలుములు నాలుగింతలు మంచివి గదా యని పిల్లలు కొనిరి. ఓడిరి. కారణము సులభము. వంతునకు ఒక పని మాత్రమే చేయవచ్చును. చేతిలో రెండు కొలుములున్నచో నొకటి వృథా. మొదటి కట్టలో రెండు కొలుములు ఒకే చేతికి వచ్చినవనుకొందము. తక్కిన 3 ముక్కలు, తీసిన 3 ముక్కలు, మొత్తము 6 ముక్కలకు 4.2 నాణెములు. రెండు వెండ్లు వచ్చినచో 3 × 0.7 + 4 = 6.1. భేదమెంతయో చూడుడు. నాణెపు ముక్కలు ఎన్ని వచ్చినను ఒకదానికొకటి అడ్డు రావు. పని ముక్కలు వచ్చును.

పది ముక్కలకు రెండు కొలుములు చేర్చి 12 ముక్కల కట్టను కలిపినపుడు, ఆ రెండును మొదటి 5 ముక్కలలోనే పడు అవకాశము 33లో 5. ఏడింట నొకటికంటె కొంచె మెక్కువ. ఇదిగాక ఒక కొలిమిని వేసి తీసిన మూడు ముక్కలలో రెండవది రావచ్చును, అదియు వృథాయే.

దీనికి మందు ‘పల్లె’ అను ముక్క. వెల 3. దానిని వేసినచో ఒక ముక్క తీసికొనవచ్చును, మరి రెండు పనులు చేయవచ్చును. చేతిలో పల్లె, రెండు కొలుములు, మరి రెండు ముక్కలున్నవనుకొందము. పల్లె ఒకటి, కొలుములు మూడేసి, తీసినవి 7, ముందున్నవి 2, మొత్తము 9 ముక్కలు. మొదటి కట్టలో దీని విలువ 6.3. అదే చోట మూడు వెండ్లున్నచో 6 + 1.4 = 7.4. పేద కట్టలో ఇంత పటాటోపమునకు ఫలము లేదు. సరాసరి 1.27 ఉన్న కట్టలోనైతే 9 ముక్కలకు 11.4, మూడు వెండ్లకు 8.53. ఇచ్చట ముక్కలదే పైచేయి.

అయినను ఒక ప్రశ్న మిగులును. 11 నాణెములు వచ్చినవి, మండలము 8. మిగిలిన 3 ఏమగును? నిలువవు గనుక పోవును. వంతునకు కొనుగోలు ఒక్కటియే. ‘సంత’ అను ముక్క యున్నచో మరియొక కొనుగోలు దొరకును. సంత వెల 5. అది ఒక ముక్క, ఒక పని, ఒక కొనుగోలు, ఒక నాణెము ఇచ్చును. అనగా ఖర్చు పెట్టు త్రోవ లేని సంపాదన వ్యర్థము. 8 నాణెములు నిశ్చయముగా తెచ్చు కట్ట, 11 తెచ్చి 3 పారవేయు కట్టకు తీసిపోదు.

సంతకు తోడు ‘ప్రయోగశాల’ యను ముక్కయు కలదు. దాని వెలయు 5. అది 2 ముక్కలు, ఒక పని ఇచ్చును. తన పనిని తానే తిరిగి యిచ్చును గనుక మరియొక పనికి అడ్డు రాదు. సరాసరి 1 ఉన్న కట్టలో ప్రయోగశాల యున్న చేతికి ఆరు ముక్కలు, 6 నాణెములు. సంత యున్న చేతికి ఐదు ముక్కలు, ఒక నాణెము, అదియు 6. వెండి యున్న చేతికి నాలుగు ముక్కలు, రెండు నాణెములు, అదియు 6. ముక్కకు ఒక నాణెము అను సరాసరి ఈ యాటలో త్రాసు ముల్లు నిలుచు చోటు. అంతకు తక్కువ యున్నపుడు నాణెమును, ఎక్కువ యున్నపుడు ముక్కలను వెదకవలయునని పిల్లలు కంఠస్థము చేయకయే గ్రహించిరి.

పారవేయుట కూడ సంపాదనయే

చివరకు చవుకైన యొక ముక్క: ‘ప్రార్థనాలయము’. వెల 2. అది నాణె మియ్యదు, ముక్క తీయనియ్యదు. చేతిలోని ముక్కలను నాలుగింటి వరకు కట్టనుండి శాశ్వతముగా తొలగించనిచ్చును. మొదట దానిని ఎవరును కొనరైరి. “కొన్నవానిని పారవేయుట యేమి?” అనిరి. లెక్క వేయించితిమి. మొదటి కట్టనుండి 3 మాన్యములను తీసివేసినచో 7 ముక్కలు, 7 నాణెములు. ఒక్క నాణెమైనను చేర్చకయే సరాసరి 0.7 నుండి 1కి పెరిగినది. పోయినవి 3 గుర్తులు. అది మండలములో సగము. కాని త్వరగా మండలములు కొనగలిగినచో ఆ నష్టము తీరిపోవును. ఆట నెరిగినవారు ఈ ముక్కను మిక్కిలి బలమైనవానిలో నొకటిగా నెంచుదురు.

ఇంతకును ప్రశ్నకు సమాధాన మేమి? వెండిని, బంగారమును మాత్రమే కొని, 8 నాణెములు వచ్చినపుడెల్ల మండలమును కొనుట ఒక త్రోవ. దీనిలో తెలివి తక్కువగ గనబడును. కాని ఎన్నో పనుల యంత్రమును కట్టుచు కాలము గడపినవానిని ఇది ఓడించును. ఇద్దరాడునపుడు మండలములు 8 మాత్రమే గనుక, యంత్రము పూర్తియగులోపల సరకు అయిపోవచ్చును. అదే త్రోవకు ఒకటి రెండు కొలుములను చేర్చుకొన్నవాడు కేవల నాణెములు కొన్నవానికంటె మెరుగుగ నుండును. నాణెము పునాది, ముక్క దానిపై కట్టు. పునాది లేని కట్టు నిలువదు. కట్టు లేని పునాదిపై ఎవరును కాపురముండరు.

ఇంటిలో ఆడు విధము

అంగడిలో దొరకు పెట్టెలో 500 ముక్కలుండును, వెల హెచ్చు. ఇంటిలో నేర్చుటకు అంత యక్కరలేదు. ఇద్దరికి రాగి 30, వెండి 20, బంగారము 15, మాన్యములు 14, సీమలు 8, మండలములు 8, కొలిమి, పల్లె, సంత, ప్రయోగశాల, ప్రార్థనాలయము ఒక్కొక్కటి ఆరేసి చొప్పున అట్టముక్కలు చేసికొన్నచో చాలును. వెనుక ప్రక్క అన్నియు ఒకే రీతిగా నుండవలయును. పేర్లును వెలలును పిల్లలచేతనే తెలుగున వ్రాయింపుడు. రెండు నియమములు మాత్రము విడువకుడు: పందెము కూడదు; లెక్క బిగ్గరగా, తెలుగున చెప్పవలయును.

ఈ రెండవ నియమమునకు కారణము కలదు. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. పాఠము తెలుగున చదువుదురు. కాని కూడికలు, తీసివేతలు మనస్సులో చేయునపుడు వీధి భాషలోనో, ఇంగ్లీషులోనో చేయుచున్నారు. ఆ భాషలు మనకు శత్రువులు గావు. వానితోనే మనము బ్రదుకుచున్నాము. కాని ఆలోచింప నక్కరకు రాని భాష పండుగనాటి పట్టుబట్టవలె పెట్టెలో నుండును. ఆటలో “మూడు ముక్కలు తీశాను, ఏడు నాణేలు, ఒకటి తక్కువ” అని పదే పదే చెప్పు పిల్లవాడు తెలుగున ఆలోచించుచున్నాడు.

అభ్యాసములు

1. కట్టలో 7 రాగి, 3 మాన్యములు, 2 వెండి, 1 బంగారము కలవు. దీనికి చేర్చుటకు కొలిమి మేలా, బంగారము మేలా? (13 ముక్కలు, 14 నాణెములు; సరాసరి సుమారు 1.08. కొలిమి యున్న చేతికి 7.54, బంగారమున్న చేతికి 7.31. కొలిమియే కొంచెము మేలు.)

2. అదే కట్టలో 3 మండలములు చేరినవి. ఇపుడేది మేలు? (16 ముక్కలు, 14 నాణెములు, సరాసరి 0.875. కొలిమికి 6.125, బంగారమునకు 6.5. బంగారము మేలు.)

3. మొదటి లెక్కలోని కట్టనుండి 3 మాన్యములను తొలగించినచో 5 ముక్కల చేతి విలువ ఎంత పెరుగును? (ముందు 5.38, తరువాత 10 ముక్కలకు 14 నాణెములు గనుక 7. పెరిగినది 1.62.)

కడపటి మాట

ఆ పెద్దమ్మగారికి మేము ఇంత లెక్క చెప్పలేదు. చెప్పుటకు ముందే వేరొకటి జరిగినది. ఒక బాలుడు ముక్క నెత్తి, “మాన్యమనగా నేమి?” అని యడిగెను. మేము నిఘంటువును తీయబోవుచుండగా ఆమెయే లోనికి వచ్చి, “గుళ్లో పూజ చేసినందుకో, ఊరికి పని చేసినందుకో పన్ను లేకుండా ఇచ్చిన భూమి నాయనా” అని చెప్పిరి. కొలిమిని చూడని పిల్లలకు కొలిమి యెట్లుండునో, తిత్తి యెట్లు ఊదుదురో కూడ చెప్పిరి. అరగంట కూర్చుండిరి.

ఆనాటినుండి మా కొక యాలోచన కలిగినది. పాఠశాలలో మేము నేర్పునది ముక్కలు తీయుట వంటిది. అక్షరములు, చదువు పద్ధతి, వ్యాకరణము: ఇవన్నియు బిడ్డచేత పుస్తకమునుండి ఎక్కువ తీయించు కొలుములు. కాని తీసినపుడు చేతికి రాదగిన నాణెములు మాటలు. మాన్యము, కొలిమి, తిత్తి యను మాటల నెరుగని బిడ్డ ఎంత గడగడ చదివినను వాని చేతికి విలువ రాదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలోని బిడ్డకు ఆ మాటలు వీధిలో దొరకును. మన బిడ్డకు వీధిలో దొరకవు. దొరకు చోటు ఇల్లు. ఇచ్చువారు తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు.

కొలుములను మేము సిద్ధము చేసెదము. కట్టలో నాణెములు వేయువారు మీరు. దినమున కొక్క రాగి చొప్పున వేసినను, కొంత కాలమునకు సరాసరి త్రాసు ముల్లును దాటును. ఆ తరువాత మా కొలిమి చేయు పనిని మీరే చూచి సంతోషింతురు.